ముందుగా ఎవరిని చూడవలెను?

గత వర్షకాలమున పాకాల వైపున ఒక గ్రామమునకు మేము పనిమీద వెళ్ళినపుడు, అక్కడి ఆరోగ్యకేంద్రము వరండాలో కొంతసేపు కూర్చుండవలసి వచ్చినది. ఉదయము తొమ్మిది గంటల వేళ. నలుగురు రోగులు ఇంచుమించు ఒక్కమారే వచ్చిరి. వారిలో ఒకరు కొడవలితో చేయి తెగిన రైతు. ఆయన చేతికి తువ్వాలు చుట్టుకొని వీధి దద్దరిల్లునట్లు కేకలు వేయుచుండెను. ఇంకొకరు మోకాళ్ళ నొప్పితో వచ్చిన అవ్వ. సూది వేసి పంపుమని ఆమె కోరిక. మూడవవారు ఎనిమిదవ నెల గర్భిణి. రాత్రినుండి తలనొప్పిగా నున్నదనియు, కండ్ల ముందు మిణుగురులు తిరుగునట్లున్నదనియు మెల్లగా చెప్పి ఒక మూల నిలుచుండెను. నాల్గవది తల్లి భుజముపై వాలియున్న ఏడాదిన్నర బిడ్డ. రెండు దినములుగా విరేచనములు. బిడ్డ ఏడ్చుట లేదు.

నర్సు బయటికి వచ్చి నలుగురిని ఒక్క చూపు చూచెను. "చెయ్యి పైకెత్తి, తువ్వాలు మీద గట్టిగా నొక్కి పట్టుకో అన్నా" అని రైతుతో చెప్పుచునే, నేరుగా బిడ్డ కడకు పోయెను. అక్కడనే యున్న వార్డు సభ్యునికి కోపము వచ్చినది. "ఏమ్మా, నెత్తురు కారేవాణ్ణి వదిలేసి ఊరుకున్న బిడ్డ దగ్గరికి పోతావా?" అని గద్దించెను. ఆమె తల యెత్తకయే, "ఏడ్చే బిడ్డంటే నాకు భయం లేదన్నా. ఏడవని బిడ్డంటేనే భయం" అని బదులు చెప్పెను.

సభ్యుని కోపములో దురుద్దేశమేమియు లేదు. మనలో పదిమందిలో తొమ్మండుగురము అట్లే తలతుము. కాని ఆ నర్సు చెప్పిన మాట వెనుక కొన్ని సంవత్సరముల చదువు ఉన్నది. ఆ చదువు ఎట్టిదో గ్రామ పంచాయతీ సభ్యులకు తెలిసియుండుట మిక్కిలి అవసరమని మాకు తోచినది. ఏలయనగా రాజ్యాంగములోని పదునొకండవ షెడ్యూలు ఆరోగ్యమును, ఆసుపత్రులను, ప్రాథమికారోగ్య కేంద్రములను పంచాయతీల విషయములలో చేర్చినది. తమ ఊరి ఆరోగ్యకేంద్రములో జరుగుచున్నది సరియా కాదా యని అడుగు అధికారము సభ్యులకు కలదు. ఏది సరియో తెలిసినగాని ఆ ప్రశ్న సరిగా అడుగజాలము.

నర్సుల పరీక్షలలో మిక్కిలి ముఖ్యమైన ప్రశ్న ఇదియే. నలుగురు రోగులను వర్ణించి, ముందుగా ఎవరిని చూతువని అడుగుదురు. అమెరికా దేశములో నర్సింగు పట్టము పొందినవారు కూడ లైసెన్సు కొరకు వేరొక పరీక్ష వ్రాయవలెను. ఇది 1994 నుండి కంప్యూటరుపై జరుగుచున్నది. అభ్యర్థి చెప్పు సమాధానమును బట్టి తరువాతి ప్రశ్న కఠినముగనో సులభముగనో వచ్చును. 2023 నుండి ప్రశ్నల సంఖ్య 85 మొదలు 150 వరకు ఉండును. విదేశములకు పోదలచిన తెలుగు నర్సులు ఈ పరీక్షకు నెలల తరబడి సిద్ధపడుదురు. వారిని అడిగినచో మందుల పేర్లు గుర్తుంచుకొనుట కంటె ఈ "ముందెవరు" అను ప్రశ్నలే కష్టమని చెప్పుదురు. మన దేశములో అట్టి ప్రత్యేక పరీక్ష లేకపోయినను, చదువులో నేర్పు వివేకము ఒక్కటియే.

ఆ వివేకమునకు ఒక క్రమమున్నది. మొదట గాలి పోవు దారి తెరచియున్నదా, పిదప శ్వాస ఆడుచున్నదా, ఆ పిదప రక్తము శరీరమంతట సరిగా తిరుగుచున్నదా అని చూడవలెను. కేకలు వేయువాని గొంతు తెరచియున్నదని, ఊపిరి ఆడుచున్నదని, మెదడునకు రక్తము అందుచున్నదని ఆ కేకయే చాటుచున్నది. చేతి గాయమునుండి కారు రక్తము పైన గట్టిగా నొక్కి పట్టినచో చాల వరకు నిలిచిపోవును. కావుననే నర్సు రైతుకు ఆ పని అప్పగించి ముందుకు నడచెను. ఆమె ఆయనను విడిచిపెట్టినది కాదు. ఆయన చేతనే ఆయనకు చికిత్స ప్రారంభించినది.

బిడ్డ సంగతి వేరు. కండ్లు గుంటలు పడియున్నవి. నర్సు పొట్టపై చర్మమును రెండు వ్రేళ్ళతో పట్టి విడిచెను. మాములుగా అది వెంటనే సర్దుకొనవలెను. ఆ బిడ్డకు రెండు సెకండ్లు దాటినను ముడుత నిలిచియున్నది. మత్తుగా నుండుట, కండ్లు లోనికి పోవుట, నీరు త్రాగలేకపోవుట, చర్మపు ముడుత మిక్కిలి మెల్లగా సర్దుకొనుట అను నాలుగు గుర్తులలో ఏ రెండు కనబడినను శరీరములోని నీరు ప్రమాదకరముగా తగ్గినదని అర్థము. అట్టి బిడ్డ ఏడ్వదు. ఏడ్చుటకు దానికి బలముండదు. కన్నీరు కూడ రాదు. ఇంకొక గంట వరుసలో కూర్చుండబెట్టినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

అట్టి బిడ్డకు నరము ద్వారా ద్రవము ఎక్కింపవలెను. ఏడాది దాటిన బిడ్డకైనచో బరువులో కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున మొదటి అరగంటలోను, కిలోకు 70 మిల్లీలీటర్ల చొప్పున తరువాతి రెండున్నర గంటలలోను ఇయ్యవలెను. పది కిలోల బిడ్డకు మూడు గంటలలో ఒక లీటరన్నమాట. ఇది ఆసుపత్రిలో జరుగవలసిన పని. నర్సు 108 వాహనమునకు కబురు చేసి, బిడ్డ మ్రింగగలుగుచున్నదని చూచి, దారిపొడుగున ఓ.ఆర్.ఎస్. ద్రవమును చెంచాతో కొంచెము కొంచెముగా పోయుట తల్లికి చూపెను. ఓ.ఆర్.ఎస్. పొట్లము నందలి పొడి 20.5 గ్రాములు. దానిని సరిగా ఒక లీటరు మంచినీటిలో కలుపవలెను. సగము పొట్లము ఒక గ్లాసులో వేయుట, రుచికి ఇంకొంచెము చక్కెర చేర్చుట వంటి పనులు మేలు చేయకపోగా విరేచనములను హెచ్చించును. విరేచనముల బిడ్డలకు 14 దినములు జింకు మాత్రలు కూడ ఇయ్యవలెను. రెండవనాడు విరేచనములు కట్టినవని మాత్రలు మానివేయు ఇండ్లు అనేకము.

బిడ్డ తల్లికి చెంచా అందించిన వెంటనే నర్సు గర్భిణిని లోనికి పిలిచి రక్తపోటు చూచెను. ఇదియే ఆమె రెండవ నిర్ణయము. రక్తపోటు 140/90 దాటినచో గర్భిణి విషయమున జాగ్రత్త పడవలెను. 160/110 దాటినచో అది తీవ్రస్థితి. తలనొప్పి, చూపు మసకబారుట, పై పొట్టలో నొప్పి, ముఖము ఉబ్బుట అనునవి మూర్ఛలకు ముందువచ్చు సూచనలు. మూర్ఛ వచ్చినచో తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము. అట్టి సమయమున మెగ్నీషియం సల్ఫేటు అను మందు మొదటి మోతాదుగా 10 గ్రాములు, రెండు పిరుదులలో ఐదేసి గ్రాముల చొప్పున లోతుగా సూది వేసి పెద్దాసుపత్రికి పంపవలెను. ఆసుపత్రిలో తరువాతి మోతాదు ఇచ్చుటకు ముందు నర్సు మూడు సంగతులు చూడవలెను. శ్వాస నిమిషమునకు 16 మారులకు తగ్గకుండుట, మోకాలి చిప్ప క్రింద తట్టినపుడు కాలు ఎగురుట, మూత్రము గంటకు కనీసము 30 మిల్లీలీటర్లు వచ్చుట. వీనిలో ఏ ఒక్కటి తప్పినను ఆ మోతాదు ఆపవలెను. ఏలయనగా రక్షించు ఆ మందే హెచ్చినచో శ్వాసను ఆపును. దానికి విరుగుడుగా కాల్షియం గ్లూకోనేటును సిద్ధముగా నుంచుకొందురు. మందు ఇచ్చుట కంటె, మందును ఎప్పుడు ఇయ్యరాదో తెలియుటయే గొప్ప చదువని ఈ ఒక్క ఉదాహరణము వలన తెలియగలదు.

రైతు మూడవవాడు. నర్సు గాయము కడిగి, ప్రతి వ్రేలిని ముడిచి చాచుమని అడిగెను. ప్రతి వ్రేలి కొనను తాకి, తెలియుచున్నదా యని అడిగెను. నరమో స్నాయువో తెగియుండినచో పైన కుట్లు వేసినంత మాత్రమున చేయి పనికి రాదు. ఆ పిదప ధనుర్వాతపు టీకా వేసి, కుట్లకై ప్రాథమికారోగ్య కేంద్రమునకు పంపెను. అవ్వ చివరిది. ఆమెకు సూది వేయలేదు. అంగడిలో కొన్న నొప్పి మాత్రలు ఎన్నాళ్ళుగా మ్రింగుచున్నదో, మలము నల్లగా పోవుచున్నదేమో అని నర్సు అడిగెను. ఆ మాత్రలు కడుపులో పుండ్లు చేయును, మూత్రపిండములను చెరచును. అవ్వ కొంచెము అలిగి వెళ్ళిపోయినది.

ఈ అలుకకు కారణము మన గ్రామములలో పాతుకొనియున్న ఒక నమ్మకము. సూది వేసినగాని వైద్యము కాదని, సెలైను ఎక్కించినగాని బలము రాదని అనుకొందురు. నిజమును లెక్కించి చూతము. అర లీటరు సెలైను సీసాలో నుండునది 4.5 గ్రాముల ఉప్పు, తక్కినది నీరు. గ్లూకోజు సీసాలో నుండునది 25 గ్రాముల చక్కెర. మన ఇంట ఒక ముద్ద రాగిసంకటిలో దీనికంటె హెచ్చు సత్తువ ఉన్నది. నోటితో త్రాగగలిగిన మనిషికి ఆ సీసా వలన కలుగు లాభము స్వల్పము. గుండె బలహీనముగా నున్న వృద్ధునికి అదే సీసా వేగముగా ఎక్కించినచో నీరు ఊపిరితిత్తులలోనికి చేరి ప్రాణము తీయవచ్చును.

కావుననే నర్సులకు చుక్కల లెక్క నేర్పుదురు. అర లీటరు ద్రవము నాలుగు గంటలలో ఎక్కవలెనని డాక్టరు వ్రాసినాడనుకొందము. సాధారణపు గొట్టములో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అనగా మొత్తము 10,000 చుక్కలు, 240 నిమిషములు. నిమిషమునకు 42 చుక్కలు పడవలెను. పరీక్షలో ఈ లెక్క తప్పినచో ఒక మార్కు పోవును. వార్డులో తప్పినచో పోవునది వేరు.

ఇట్టిదే మోతాదు సంగతి. జ్వరమునకు బిడ్డలకు పోయు పారసెటమాల్ మందు ఒకే పేరుతో మూడు బలములలో అంగళ్ళలో దొరకును. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావలెననుకొందము. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సీసానుండి 6 మిల్లీలీటర్లు, 250 ఉన్న సీసానుండి 3 మిల్లీలీటర్లు, చంటిబిడ్డల చుక్కల సీసానుండి ఒకటిన్నర మిల్లీలీటరు మాత్రమే పోయవలెను. చుక్కల మందును చెంచాతో పోసినచో మూడు నాలుగింతలు లోనికి పోవును, కాలేయము చెడును. సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ అను ఐదు సంగతులు సరిచూచుకొనక నర్సు ఏ మందును చేతికి ఇయ్యదు. "పేరేమమ్మా?" అని తెలిసిన మనిషినే మరల అడుగుట చూచి కొందరు నవ్వుకొందురు. అది మతిమరుపు కాదు, నియమము.

ఈ చదువు మన సీమకు క్రొత్తది కాదు. చిత్తూరు పట్టణమునకు కూతవేటు దూరమున నున్న వేలూరులో డాక్టరు ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల పాఠశాలను నెలకొల్పిరి. 1946లో అక్కడ నర్సింగు పట్టభద్ర తరగతులు మొదలైనవి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అటు పిమ్మట 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయరోగ చికిత్సాలయము వెలసినది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొట్ మల్లర్ దాని మొదటి పెద్ద. తరువాత డాక్టరు పి.వి. బెంజమిన్ ఆ బాధ్యతను వహించిరి. క్షయకు మందు లేని ఆ రోజులలో రోగికి ఆధారము మూడు. విశ్రాంతి, మంచి గాలి, నర్సు. నెలల తరబడి ఉష్ణోగ్రత వ్రాయుట, బరువు తూచుట, కఫము పాత్రలను శుభ్రపరచుట, ధైర్యము చెప్పుట అంతయు వారి పనియే.

1956లో మద్రాసులో ఒక పరిశోధన ప్రారంభమై 1959లో దాని ఫలితములు వెలువడినవి. కొందరు క్షయరోగులకు శానిటోరియములోను, కొందరికి వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచియు ఒకే మందులు ఇచ్చి చూచిరి. మందులు క్రమముగా మ్రింగినచో ఇంటనున్నవారు కూడ శానిటోరియములోని వారివలెనే కోలుకొనిరి. వారి కుటుంబములకు అందువలన రోగము హెచ్చుగా సోకలేదు. అప్పటినుండి క్షయ చికిత్స గ్రామమునకే వచ్చినది. దానితో బాటు బాధ్యత కూడ వచ్చినది.

ఇప్పుడు సామాన్యముగా ఆరు నెలల మందు. రెండవ నెలలో దగ్గు తగ్గును, ఆకలి వచ్చును, రోగి పనికి పోవును. మందు మానివేయునది కూడ అప్పుడే. ఇంకొక చిన్న సంగతి. ఈ మందులలో ఒకదాని వలన మూత్రము నారింజ రంగున వచ్చును. నర్సు ముందుగా చెప్పనిచో రోగి రక్తము పోవుచున్నదని భయపడి మాత్రలు పారవేయును. కండ్లు పచ్చబడుట, అన్నము సహింపక వాంతులగుట మాత్రము వెంటనే తెలుపవలసిన సంగతులు. ఏది భయపడదగినదో, ఏది కాదో మొదటి దినముననే వివరించుట రోగి పరిచర్యలో ఒక భాగము. చికిత్స పొందుచున్నవారికి పోషణకై నెలకు 1,000 రూపాయలు ప్రభుత్వమిచ్చుచున్నది. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండెను. ఆ పైకము ఊరిలోని రోగికి అందుచున్నదో లేదో విచారించుట సభ్యులకు కష్టమైన పని కాదు. కాని రోగి పేరు రచ్చబండపై చెప్పరాదు.

ఇక పాముకాటు. వేరుసెనగ చేలు, మామిడి తోటలు, రాత్రివేళ మోటారు వేయుటకు పోవు రైతులు గల మన ప్రాంతమున ఇది అందరి విషయము. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాల్గింటికి ఒకే విరుగుడు మందు ఆసుపత్రిలో ఉన్నది. కట్లపాము కాటు మోసకరమైనది. నేలపై పడుకొన్నవానిని రాత్రి కరచును. నొప్పి ఉండదు, గాటు కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అనును, కనురెప్పలు వాలిపోవును. నిద్రమత్తని ఇంటివారు అనుకొందురు. నర్సు మాత్రము కండ్లు పైకెత్తుమనును, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో చెప్పుమనును. ఇరువది వరకు చెప్పినవాడు అరగంటకు పదివద్ద ఆగినచో ఊపిరి కండరములు పడిపోవుచున్నవని గ్రహించి డాక్టరును పిలుచును.

పింజరి కాటు తీరు వేరు. అది రక్తమును గడ్డకట్టనీయదు. దానికి ఒక సులభమైన పరీక్ష కలదు. శుభ్రమైన పొడి గాజు గొట్టములో రెండు మిల్లీలీటర్ల రక్తము తీసి, కదల్పక 20 నిమిషములుంచి వంచి చూతురు. రక్తము నీరువలె పారినచో విషము పనిచేయుచున్నదన్నమాట. ఆ గొట్టమును సబ్బుతో కడిగినదై యుండరాదు. సబ్బు అంటియున్నచో విషము లేకున్నను రక్తము గడ్డకట్టదు. ఇంత చిన్న సంగతిపై పెద్ద నిర్ణయము ఆధారపడియుండును. విరుగుడు మందు పెద్దలకును పిల్లలకును ఒకే మోతాదు. పాము పసివానిని చూచి తక్కువ విషము వదలదు గదా. మందు ఎక్కునంతసేపు నర్సు ప్రక్కన నిలిచి దద్దురులు, ఆయాసము, నాడి పడిపోవుట కనిపెట్టుచుండవలెను. అట్టివి కనబడినచో మందు ఆపి అడ్రినలిన్ సూది వేయుదురు.

ఊరిలో చేయవలసినది స్వల్పము. కరచిన కాలినో చేతినో కదలకుండ కట్టెతో కట్టి, రోగిని నడిపింపక బండి ఎక్కింపవలెను. త్రాటితో బిగించుట, కోయుట, పీల్చుట పనికిరావు. మంత్రము మీద నమ్మకమున్నవారితో తగవులాడుటకు అది సమయము కాదు. ఆ మంత్రగానినే బండి ఎక్కించుకొని పొండని చెప్పిన ఒక సర్పంచిని మేమెరుగుదుము. ఆయన యుక్తి మాకు నచ్చినది.

తిరుపతి వైపు వారికి మరొక మాట. అలిపిరి మెట్ల దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు. ఊరినుండి జట్టుగా కొండకు నడచి పోవునపుడు నలుబది దాటినవానికి ఛాతీలో బరువు, ఎడమ చేతిలోనో దవడలోనో లాగుట, చల్లని చెమట కలిగినచో అది అజీర్ణమని సోడా త్రాగించి నడిపింపరాదు. ఆసుపత్రి చేరిన పది నిమిషములలో గుండె పటము తీయుట నర్సు నేర్చిన నియమము. కాని మెట్ల మీద పోగొట్టిన గంటను ఆమె తిరిగి తేలేదు.

ఇట్టి చదువు గలవారెవరో, లేనివారెవరో గుర్తించుట ఎట్లు? 1926 నాటి మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టము నాటినుండియు మన సీమలో రిజిస్టరు విధానమున్నది. 1947లో దేశమంతటికి నర్సింగు మండలి చట్టము వచ్చినది. 2023లో జాతీయ నర్సింగు, మంత్రసాని కమిషన్ చట్టము చేయబడినది. గుర్తింపు పొందిన పాఠశాలలో చదివి, పరీక్ష నెగ్గి, రాష్ట్ర మండలి రిజిస్టరులో పేరెక్కినవారే నర్సులు. గ్రామములలో తిరుగు ఏ.ఎన్.ఎం. చదువు రెండేండ్లు, జనరల్ నర్సింగు మూడేండ్లు, బి.ఎస్సి. నర్సింగు నాలుగేండ్లు. వీధిలో తెరచిన గదిలో అడిగినవారికెల్ల సూది వేయువారి పేరు ఏ రిజిస్టరులోను లేకపోవచ్చును. రిజిస్టరులో పేరున్న మనిషి తప్పు చేసినచో అడుగుటకు ఒక మండలి కలదు. రెండవవారిని అడుగుటకు ఎవరును లేరు. మన ఊరి బాలికలు, బాలురు కూడ, ఇంటర్మీడియెట్ పిదప ఈ చదువులలో చేరవచ్చును. తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల, 1993లో స్విమ్స్ ఆసుపత్రి ఆరంభమైన పిమ్మట దూరదేశములకు పోకయే నేర్చుకొను వీలు కలిగినది. స్విమ్స్ 1995లో విశ్వవిద్యాలయమైనది, అందులో నర్సింగు కళాశాల కూడ ఉన్నది. కళాశాలకు గుర్తింపు ఉన్నదా లేదా అని చూడక ఫీజు కట్టి మోసపోయిన తల్లిదండ్రులు కొందరు మా కార్యాలయమునకు వచ్చి కన్నీరు పెట్టుట మేము చూచితిమి. చేర్చుటకు ముందే విచారింపుడు.

పంచాయతీ చేయవలసిన పనులు పెద్దవి కావు, కాని ఇతరులు చేయలేనివి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి సంవత్సరమునకు 10,000 రూపాయల వరకు విడి నిధి ఉన్నది. దానిని కాగితముల మీదనే ఖర్చు పెట్టువారు లేకపోలేదు. నర్సు చేతులు కడుగుకొనుటకు కుళాయి నీరు, సబ్బు లేని ఆరోగ్యకేంద్రములో ఎంత చదువున్నను వ్యర్థము. గర్భిణిని పరీక్షించుటకు ఒక తెర కావలెను. తెర లేనిచోట ఆమె పొట్ట చూపదు, నర్సు చూడదు, బిడ్డ అడ్డము తిరిగిన సంగతి ఎవరికిని తెలియదు. వాడిన సూదులు కుప్పలో పడకుండ చూడవలెను. అంబులెన్సు వచ్చు దారిలో గుంతలు పూడ్పవలెను. ప్రసవమైన నిమిషములోపల తల్లికి వేయు ఆక్సిటోసిన్ సూది అధిక రక్తస్రావమును అరికట్టును. ఆ మందు 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున ఉండవలెను. కాన్పులు జరుగు కేంద్రములో కరెంటు పోయి ఫ్రిజ్జు ఆగినచో సీసా చూచుటకు అట్లే ఉండును, లోని మందు మాత్రము బలము కోల్పోవును. కావున కరెంటు ఎప్పుడు పోయినది, ఎంతసేపు పోయినది అని అడుగు అలవాటు సభ్యులకు ఉండుట మంచిది. రాత్రి తలుపు తట్టి పిలిచినపుడు నర్సు వెంట ఒక ఆడమనిషిని తోడు పంపుట కూడ పంచాయతీ ఆలోచింపవలసిన విషయమే. ఒంటరిగా రమ్మని, రాలేదని ఫిర్యాదు వ్రాయుట న్యాయము కాదు.

పది దినములకు మరల ఆ మార్గమున పోవుచు మేము పాకాల వైపు గ్రామములో ఆగితిమి. బిడ్డ మూడవనాడే ఆసుపత్రినుండి ఇంటికి వచ్చినదట. గర్భిణి ఇంకను తిరుపతిలో డాక్టర్ల పర్యవేక్షణలోనే ఉన్నదని, రక్తపోటు అదుపులోనికి వచ్చినదని ఆశా కార్యకర్త చెప్పెను. ఈలోపల జరిగిన పంచాయతీ సమావేశములో ఒక తెర, చేతులు కడుగు తొట్టి, వరండాకు పొడవైన బల్ల కొనవలెనని తీర్మానించిరి. ప్రతిపాదించినది ఆనాడు గద్దించిన వార్డు సభ్యుడే. బల్ల వచ్చియున్నది, తెర ఇంకను రావలసియున్నది. కుట్లు విప్పించుకొనుటకు వచ్చిన రైతు ఆ బల్లపై మూడవవాడుగా కూర్చుండి, వ్రేళ్ళు ఒక్కొక్కటిగా ముడిచి చాచి చూచుకొనుచుండెను.